ఇంటి వర్క్‌షాప్‌లో టేబుల్ సా: చెక్క వెనక్కి తన్నకుండా కోయడం ఎలా

టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే రంపం, కొన్న కొత్తలో అందరి కళ్ళూ బ్లేడు మీదే ఉంటాయి. చెయ్యి దానికి తగలకుండా చూసుకుంటే చాలనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నాలుగేళ్ళ కిందట ఒక పాత గుమ్మం కర్రని నిలువుగా కోస్తున్నాను. సగం దాటిందో లేదో, ధన్‌మని శబ్దం వచ్చింది. ఏం జరిగిందో తెలిసేలోపే కర్ర నా తొడకి తగిలి, వెనకున్న తలుపుకి కొట్టుకుని కింద పడింది. కమిలిన చోటు మామూలవడానికి మూడు వారాలు పట్టింది. ఆ క్షణంలో నా ఎడమ చెయ్యి బ్లేడు దాటి అవతల ఉండి ఉంటే, కర్రతో పాటు అది కూడా వెనక్కి, అంటే బ్లేడు మీదికే వచ్చేది. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. టేబుల్ సా దగ్గర పాటించాల్సిన జాగ్రత్తల్లో చాలా మటుకు దీన్ని ఆపడానికే. ఇది ఎందుకు జరుగుతుందో ఒకసారి అర్థమైతే, మిగతా నియమాలు బట్టీ పట్టక్కర్లేదు, వాటంతట అవే గుర్తుంటాయి. అందుకే అక్కడే మొదలుపెడదాం.

ముందు బ్లేడు తిరిగే తీరు చూడండి

ప్లగ్గు పీకేసి, చెక్క తోసేటప్పుడు నిలబడే వైపు నుంచి గమనించండి. బ్లేడు పైభాగం మీ వైపుకి తిరుగుతుంది. మీకు ఎదురుగా ఉన్న పళ్ళు పై నుంచి కిందికి దిగుతూ, చెక్కని బల్లకేసి నొక్కుతూ కోస్తాయి. కోతంతా జరిగేది ఇక్కడే. అవే పళ్ళు బల్ల కింద నుంచి తిరిగి, వెనక వైపున పైకి లేస్తాయి. అక్కడ వాటికి చెక్క చిక్కితే కోయవు, ఎత్తి మీ మీదికి విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,800 చుట్లు తిరుగుతుంటే, పళ్ళ వేగం గంటకి దాదాపు 230 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే చెక్కని చేత్తో ఆపడం ఎవరివల్లా కాదు.

చెక్క వెనక పళ్ళకి చిక్కడానికి ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి, కోసిన గాటు వెనక మూసుకుపోయి బ్లేడుని బిగించడం. రెండు, ఫెన్స్ (చెక్క అంచుని ఆనించి తోసే పట్టీ) తిన్నగా లేక వెనక వైపు బ్లేడు మీదికి వంగి ఉండటం. మూడు, తోస్తున్నప్పుడు చెక్క ఫెన్స్‌ని వదిలి పక్కకి తిరగడం. నా విషయంలో జరిగింది మొదటిది. పాత టేకులో ఎన్నో ఏళ్ళుగా లోపల బిగుసుకుని ఉన్న ఒత్తిడి, కోయగానే బయటపడి రెండు ముక్కలూ దగ్గరికి వచ్చేశాయి. దాన్ని ఆపాల్సిన రైవింగ్ నైఫ్‌ని అంతకు ముందు రోజే వేరే పని కోసం తీసి, మళ్ళీ బిగించలేదు.

రైవింగ్ నైఫ్ అంటే బ్లేడు వెనక నెలవంకలా వంగి ఉండే స్టీలు రేకు. బ్లేడు పైకి లేస్తే అదీ లేస్తుంది, కిందికి దిగితే అదీ దిగుతుంది. గాటు మూసుకుపోకుండా మధ్యలో అడ్డుగా నిలబడుతుంది. చెక్క వెనక పళ్ళ మీదికి జరగకుండా కూడా అదే కాపాడుతుంది. దాని మందం బ్లేడు రేకు కన్నా ఎక్కువ, పళ్ళు వేసే గాటు కన్నా తక్కువ ఉండాలి. పళ్ళకీ దానికీ మధ్య ఎడం 3 నుంచి 8 మిల్లీమీటర్లు. కొత్త బ్లేడు కొన్నప్పుడు ఈ మందాలు సరిపోయాయో లేదో చూసుకోండి. పల్చటి గాటు వేసే బ్లేడు తెచ్చి మందపాటి నైఫ్‌తో వాడితే చెక్క మధ్యలోనే ఇరుక్కుంటుంది. బ్లేడు మీద కప్పుగా మెషీన్‌తో వచ్చే గార్డు కొన్ని కోతలకి తీయాల్సి రావచ్చు కానీ, రైవింగ్ నైఫ్ తీసి నిలువు కోత కోయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మార్బుల్ కట్టర్ తిరగేసి చేసిన బల్లల గురించి

ఇది చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. మన దగ్గర చాలామంది 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కో, యాంగిల్ గ్రైండర్‌కో చెక్క బ్లేడు తగిలించి, ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి టేబుల్ సాలా వాడుతున్నారు. రెండు మూడు వేలల్లో అయిపోతుందని చేస్తారు. ఆ డబ్బుల ఇబ్బంది నాకు తెలుసు. కానీ అందులో రైవింగ్ నైఫ్ ఉండదు, గార్డు ఉండదు, చేతికి అందే ఆఫ్ స్విచ్ ఉండదు. ట్రిగ్గర్‌కి తాడో టేపో కట్టి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతారు. మార్బుల్ కట్టర్ నిమిషానికి 12,000 చుట్లకి పైనే తిరుగుతుంది. బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం అంతకన్నా తక్కువైతే పళ్ళు ఊడి ఎగురుతాయి. గ్రైండర్‌కి పళ్ళున్న చెక్క బ్లేడు బిగించడమైతే ఇంకా ప్రమాదం.

డబ్బు సర్దుబాటు కాకపోతే అసలైన సర్క్యులర్ సా (చేత్తో పట్టుకుని నడిపే గుండ్రటి బ్లేడు రంపం) ఒకటి కొని, చెక్కని బల్లకి క్లాంపులతో బిగించి, పక్కన తిన్నటి పట్టీ పెట్టుకుని కోయండి. కోత అంతే తిన్నగా వస్తుంది. లేదా కొలతలు రాసుకుని సామిల్లుకో, అడితికో తీసుకెళ్ళండి, కోసి ఇస్తారు.

కరెంటు సంగతి

1,800 వాట్ల మెషీన్ మామూలుగా 8 ఆంపియర్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో చేయించుకోండి. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే పల్చటి బోర్డు వద్దు, వోల్టేజీ పడిపోయి మోటారు మొరాయిస్తుంది.

కోస్తుండగా కరెంటు పోతే ఏం చేస్తారో ముందే అనుకుని పెట్టుకోండి. బ్లేడు ఆగిపోతుంది, చెక్క మధ్యలో ఉంటుంది, మనం ఏమైందా అని వంగి చూస్తాం. సరిగ్గా అప్పుడే కరెంటు వస్తే మామూలు స్విచ్ ఉన్న మెషీన్ దానంతట అదే మొదలవుతుంది. కరెంటు పోయిన వెంటనే మొదటి పని స్విచ్ ఆఫ్ చేయడం. ఆ తర్వాతే మిగతాది. కరెంటు వచ్చినా మనం మళ్ళీ నొక్కితేగానీ తిరగని స్విచ్‌లు ఉంటాయి. మీ మెషీన్‌కి అది ఉందో లేదో తెలుసుకోవాలంటే, బ్లేడు మీద ఏమీ పెట్టకుండా ఆన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి మళ్ళీ వేసి చూడండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి.

బ్లేడుని, ఫెన్స్‌ని సరిచూసుకోవడం

ఇది నెలకోసారైనా చేయాలి. మెషీన్‌ని ఎక్కడికైనా కదిపితే ఆ రోజే చేయాలి. ప్లగ్గు పీకండి. బ్లేడుని పూర్తిగా పైకి లేపి, ఒక పన్ను మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ పన్నుని ముందుకి తెచ్చి, బల్ల మీద ఉండే గాడి అంచు నుంచి దూరం కొలవండి. బ్లేడుని చేత్తో తిప్పి అదే పన్నుని వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ కొలవండి. రెండూ ఒకటే రావాలి. అదే పన్నుతో కొలవమనడానికి కారణం ఉంది. బ్లేడులో ఏ కాస్త వంకర ఉన్నా వేర్వేరు పళ్ళతో కొలిస్తే లెక్క తప్పుతుంది.

తర్వాత ఫెన్స్‌ని ఆ గాడి దగ్గరికి జరిపి, ముందూ వెనకా సమంగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. తేడా ఉంటే మాన్యువల్ చూసి సరిచేయండి. వెనక వైపు వెంట్రుక వాసి ఎడం ఎక్కువున్నా పర్లేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. చెక్క అంచు మీద నల్లగా కాలిన మరకలు పడుతుంటే, బ్లేడు మొద్దుబారి అయినా ఉండాలి, ఫెన్స్ వంగి అయినా ఉండాలి. ఆ వాసన రాగానే ఆపి చూసుకోండి.

బ్లేడు విషయానికొస్తే, నిలువు కోతకి 24 పళ్ళది, ప్లైవుడ్‌కీ అడ్డకోతకీ 60 పళ్ళది తీసుకోండి. ఒక్కటే కొనగలిగితే 40 పళ్ళది. 60 పళ్ళ బ్లేడుతో మందపాటి టేకుని నిలువుగా కోస్తే బలవంతంగా తోయాల్సి వస్తుంది. బలం పెట్టి తోస్తున్న చెయ్యే జారుతుంది.

చెక్కని పరీక్షించండి

మనలో చాలామందికి మంచి టేకు దొరికేది పాత ఇళ్ళు పడగొట్టిన చోటే. తలుపులు, గుమ్మాలు, దూలాలు. అరవై డెబ్భై ఏళ్ళ కిందటి చేవ ఉన్న కర్ర ఇప్పుడు కొత్తగా కొనాలంటే కష్టం. నాకూ అదే ఇష్టం. కానీ గుమ్మం కర్రల్లో గోడకి పట్టు కోసం కొట్టిన ఇనప మేకులు విరిగి లోపలే ఉండిపోతాయి, పైన రంగు, లప్పం కప్పేసి ఉంటాయి. పాత స్పీకర్‌లోని అయస్కాంతాన్ని దారానికి కట్టి కర్ర పొడవునా నాలుగు వైపులా తిప్పండి. ఎక్కడ లాగుతుందో అక్కడ ఉలితో తవ్వి మేకు తీయండి. సున్నం, సిమెంటు ఉంటే వైరు బ్రష్‌తో రుద్దండి.

తర్వాత కర్రని బల్ల మీద పెట్టి మూలల్ని నొక్కండి. టకటకమని ఊగితే అది మెలి తిరిగి ఉన్నట్టు. అలాంటిది టేబుల్ సా మీద పెట్టకూడదు. కింద ఒక ముఖం చదునుగా, ఫెన్స్‌కి ఆనే ఒక అంచు తిన్నగా ఉండి తీరాలి. చిత్రిక పట్టి ఆ రెండూ సరిచేసుకున్నాకే కోతకి రండి. పచ్చి చెక్క, పెద్ద ముడులున్న చెక్క, అడుగు కన్నా పొట్టి ముక్క, ఇవి కూడా వద్దు. పొట్టి ముక్క రైవింగ్ నైఫ్‌ని చేరేలోపే తిరగబడుతుంది. చిన్న ముక్కలు కావాలంటే పొడుగు కర్రనే కోసి, ఆ తర్వాత చేతి రంపంతో ముక్కలు చేసుకోండి.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

కళ్ళజోడు, చెవులకి ఇయర్ మఫ్‌లు, ముక్కుకి ఎన్95 మాస్క్, కాళ్ళకి బూట్లు. గ్లవ్స్ మాత్రం వద్దు. గ్లవ్స్ చేతిని కాపాడతాయని చాలామంది అనుకుంటారు. దాని అంచు ఒక్క పన్నుకి తగిలినా చేతిని మొత్తంగా లోపలికి లాగేస్తుంది. లుంగీ, కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా, ఉంగరాలు, గాజులు, చేతి గొలుసులు, అన్నీ ఇదే కారణంతో వద్దు. మణికట్టుకి కట్టుకున్న పూజ దారం కొసలు వేలాడుతుంటే పొట్టిగా కత్తిరించండి. మెడలో ఉన్నవి చొక్కా లోపలికి వేసుకోండి. జుట్టు ముడి వేసుకోండి.

మాస్క్ ఊపిరాడక తీసేయాలనిపిస్తుంది, ముఖ్యంగా మే నెలలో. తీయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ చెక్క పొట్టుని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితాలో చేర్చింది. కంటికి కనపడే పొట్టు కన్నా గాల్లో తేలే సన్నటి ధూళే ఎక్కువ హాని చేస్తుంది. ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసే బోర్డు) కోసేటప్పుడు వచ్చేది మరీ సన్నం.

ఇప్పుడు ఒక కోత, మొదటి నుంచి చివరిదాకా

మూడడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పున్న టేకు పలకలోంచి నాలుగంగుళాల పట్టీ తీయాలనుకుందాం.

ప్లగ్గు పీకి ఉండగానే బ్లేడు ఎత్తు సరిచేయండి. పళ్ళ మధ్య గుంటలు చెక్క పైఅంచుని కాస్త దాటితే చాలు. ఫెన్స్‌ని నాలుగంగుళాలకి పెట్టండి. కొలత ఫెన్స్ వైపుకి వంగిన పన్ను నుంచి తీసుకోవాలి. ఫెన్స్ బిగించాక ఒకసారి కదిపి చూడండి. రైవింగ్ నైఫ్, గార్డు ఉన్నాయా? బల్ల మీద ముక్కలు, పెన్సిలు, టేపు ఏవీ ఉండకూడదు. బల్ల వెనక, కోసిన చెక్క ఆనడానికి అదే ఎత్తులో ఇంకో బల్ల ఉండాలి. లేకపోతే చివర్లో చెక్క కిందికి వాలిపోయి, మీరు దాన్ని పట్టుకోవడానికి బ్లేడు మీదుగా వంగుతారు. పుష్ స్టిక్‌ని, అంటే చేతికి బదులు చెక్కని తోసే కర్రని, ఫెన్స్ అవతల, కుడి చేతికి అందేలా పెట్టుకోండి. కోత మధ్యలో దాని కోసం వెతుక్కోకూడదు.

మెషీన్ ఆపి ఉండగానే ఒకసారి ఉత్తుత్తి కోత చేయండి. బ్లేడుని పూర్తిగా కిందికి దించి, పలకని మొదటి నుంచి చివరిదాకా తోసి చూడండి. ఎక్కడ పుష్ స్టిక్ అందుకుంటారు, ఎడమ చెయ్యి ఎప్పుడు తీస్తారు, అడుగులు ఎక్కడ పడతాయి, అంతా తెలిసిపోతుంది. నాకు పని నేర్పిన మేస్త్రి గారు నలభై ఏళ్ళ అనుభవం ఉండి కూడా ఇలాగే చేసేవారు. "చేతులకి దారి ముందే చూపించాలి బాబూ, అప్పుడు అవి కంగారు పడవు" అనేవారు. తర్వాత బ్లేడుని మళ్ళీ మీరు పెట్టిన ఎత్తుకి లేపండి.

ఇంట్లో పిల్లలు గదిలో లేరని చూసుకుని తలుపు వేసేయండి. వెనక నుంచి ఎవరూ పిలవకూడదని చెప్పండి. ప్లగ్గు పెట్టండి. బ్లేడుకి సూటిగా నిలబడకండి. ఫెన్స్ కుడి వైపు ఉంటే, మీరు బ్లేడు గీతకి ఎడమ పక్కగా నిలబడాలి. చెక్క ఎగిరితే ఆ గీత వెంబడే వస్తుంది. స్విచ్ వేసి బ్లేడు పూర్తి వేగం అందుకునే దాకా ఆగండి, శబ్దం ఒకే స్థాయికి వచ్చి నిలకడ పడుతుంది.

పలకని కుడి చేత్తో వెనక నుంచి తోస్తూ, ఎడమ చేత్తో ఫెన్స్‌కేసి నొక్కండి. ఎడమ చెయ్యి బ్లేడుకి కనీసం జానెడు ఇవతలే ఆగిపోవాలి, చెక్కతో పాటు ముందుకి పోకూడదు. బ్లేడు పక్కన ఎడమ నుంచి నొక్కితే గాటు మూసుకుంటుంది, అదే కిక్‌బ్యాక్. మీ చూపు బ్లేడు మీద కాదు, చెక్క ఫెన్స్‌కి ఆనే చోట ఉండాలి. అక్కడ సన్నటి వెలుతురు గీత కనిపించిందంటే చెక్క ఫెన్స్‌ని వదులుతున్నట్టు. మరీ నెమ్మదిగా తోస్తే చెక్క కాలుతుంది, మరీ గట్టిగా తోస్తే మోటారు మూలుగుతుంది. మోటారు శబ్దం తగ్గకుండా ఉండే వేగమే సరైనది.

పలక వెనక అంచు బల్ల మీదికి రాగానే కుడి చేత్తో పుష్ స్టిక్ అందుకోండి. ఎడమ చెయ్యి తీసేయండి. ఇప్పుడు ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్య ఉన్న ముక్కనే తోయాలి, ఎడమ వైపు ముక్కని ముట్టుకోవద్దు. తోయడం రైవింగ్ నైఫ్ పూర్తిగా దాటే వరకూ ఆపకండి. చాలామంది బ్లేడు దాటగానే అయిపోయిందని వదిలేస్తారు. వెనక పళ్ళ పక్కన వదిలేసిన ముక్కే ఎగిరేది.

మధ్యలో చెక్క బిగుసుకుపోతే వెనక్కి లాగకండి. ఉన్నచోటే గట్టిగా పట్టుకుని, మోకాలితోనో ఖాళీగా ఉన్న చేత్తోనో స్విచ్ ఆపండి. మెషీన్ కొనేటప్పుడే మోకాలికి అందే పెద్ద స్విచ్ ఉన్నది చూసుకోండి. కోత అయ్యాక కూడా ఆఫ్ చేసి, బ్లేడు పూర్తిగా నిలిచే దాకా కదలకుండా నిలబడండి. కొన్ని మెషీన్లలో పది పదిహేను సెకన్లు పడుతుంది. పక్కన పడ్డ చిన్న ముక్కని ఈలోపు వేళ్ళతో తీయాలనిపిస్తుంది. ఆ పది సెకన్లే ఎక్కువ ప్రమాదం.

అడ్డకోత, ప్లైవుడ్

చెక్కని అడ్డంగా కోసేటప్పుడు మైటర్ గేజ్ (బల్ల గాడిలో జారుతూ చెక్కని అడ్డంగా ఆనించి పట్టే పట్టీ) గానీ, స్లెడ్ (చెక్కని మోస్తూ అదే గాడిలో జారే పలక) గానీ వాడండి. చేతులతో ఊరికే పట్టుకుని తోయడం ఎప్పుడూ వద్దు. మైటర్ గేజ్, ఫెన్స్ రెండూ ఒకేసారి వాడకూడదు. తెగిన ముక్క బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య ఇరుక్కుని తూటాలా వస్తుంది. ఒకే కొలత ముక్కలు చాలా కావాలంటే, ఫెన్స్‌కి ముందు వైపున, బ్లేడుకి బాగా ఇవతల ఒక దిమ్మ బిగించండి. కొలత దానికి ఆనించి తీసుకుంటే, కోత మొదలయ్యే సరికి ముక్క ఏదీ తాకకుండా ఖాళీగా ఉంటుంది.

ఎనిమిది బై నాలుగు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు 30 కిలోలకి పైనే ఉంటుంది. ఒక్కరే దాన్ని చిన్న టేబుల్ సా మీద తోయకండి. నేల మీద థర్మాకోల్ షీటు పరిచి, సర్క్యులర్ సాతో పెద్ద ముక్కలుగా చేసుకుని, తర్వాత టేబుల్ సా మీద తుది కొలతకి తెచ్చుకోండి. ఇద్దరు కలిసి తోయాల్సి వస్తే, అవతలి మనిషి షీటుని కింద నుంచి మోయాలి అంతే, లాగకూడదు. వేగం ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉండాలి.

చర్మం తగలగానే ఆగే మెషీన్ల గురించి నన్ను అడుగుతుంటారు. అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే ఆయన 1999లో ఇది కనిపెట్టాడు. సాస్టాప్ పేరుతో అమ్ముతున్నారు. బ్లేడులో పంపే చిన్న విద్యుత్ సంకేతం మనిషి చర్మం తగలగానే మారుతుంది, వెంటనే అల్యూమినియం దిమ్మ బ్లేడులోకి దిగి 5 మిల్లీసెకన్లలో ఆపేస్తుంది. గొప్ప పని. ఒక్క అమెరికాలోనే ఏటా 30 వేల మంది దాకా టేబుల్ సా గాయాలతో ఎమర్జెన్సీకి వెళ్తున్నారని అక్కడి ప్రభుత్వ సంస్థ అంచనా, కాబట్టి దాని అవసరం చాలా ఉంది. కానీ అది ఎగిరే చెక్కని ఆపదు. ఆ మెషీన్ ఉన్నా పైన చెప్పినవన్నీ చేయాల్సిందే.

గాయమైతే

ముందు మెషీన్ ఆపండి. శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా నొక్కి, చేతిని గుండె కన్నా పైకి ఎత్తి పట్టుకోండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి, డాక్టర్లు అవన్నీ కడిగి తీయాల్సి వస్తుంది. వాపు రాకముందే ఉంగరాలు తీసేయండి. వేలు తెగి పడితే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి, ఆ కవర్‌ని ఐసు కలిపిన నీళ్ళలో ఉంచండి. వేలికి నేరుగా ఐసు తగలకూడదు, కణాలు చచ్చిపోతాయి. ఇలా తీసుకెళ్తే తిరిగి అతికించే అవకాశం ఉంటుంది. స్వయంగా బండి నడపకండి, 108కి ఫోన్ చేయించండి.

తెగిన వేళ్ళు అతికించే ప్లాస్టిక్ సర్జన్ అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండరు. మీ ఊరికి దగ్గర్లో ఎక్కడ ఉన్నారో, రాత్రి పూట కూడా చూస్తారో లేదో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ నంబరు, 108, ఇంట్లో వాళ్ళ నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, మెయిన్ స్విచ్ పక్కన గోడకి అంటించండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టెని దాని కిందే ఒక మేకుకి తగిలించండి, ఒంటి చేత్తో మూత తీయగలిగే ఎత్తులో.